లై పొగని గిన్నెలోనే ఆపాలి

సబ్బు చెయ్యడం నేర్చుకుంటున్న రోజుల్లో, మూడో బ్యాచ్ అనుకుంటా, నీళ్ళలో కాస్టిక్ సోడా, అంటే లై, వేసి కలుపుతూ, అడుగున ఇంకా గింజలు మిగిలాయా కరిగిపోయాయా అని గిన్నె మీదకి వంగి చూశాను. ఒక్క క్షణం. ముక్కులోంచి గొంతులోకి సర్రున మంట దిగింది, ఊపిరి ఆగిపోయినంత పనైంది, గరిటె అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తి ఒక పావుగంట ఆగకుండా దగ్గుతూనే ఉన్నా. ఆ రాత్రి మంచినీళ్ళు మింగినా గొంతులో గీరుకుపోయిన చోటు తెలుస్తూనే ఉంది.

మర్నాడు నాకు సబ్బు నేర్పించినావిడకి ఫోన్ చేస్తే, "అయ్యో, ముందే చెప్పాల్సింది, ఈసారి ఊపిరి బిగబట్టి గబగబా తిప్పేసి పక్కకొచ్చెయ్యమ్మా, ఒక్క నిమిషమే కదా" అన్నారు. ప్రేమగానే చెప్పారు, ఆవిడకీ ఎవరో అలాగే చెప్పుంటారు. కానీ ఆ సలహా తప్పు. ఊపిరి బిగబట్టిన మనిషి చివరికి ఏం చేస్తాడు, మామూలుగా తీసుకునేదానికంటే ఎక్కువ గాలి ఒక్కసారి లోపలికి లాగుతాడు, అదీ చాలాసార్లు గిన్నె పక్కనే నిలబడి. పైగా ఊపిరి అయిపోతోందన్న తొందరలో గబగబా తిప్పితే చింది చేతి మీద పడుతుంది. పొగ నుంచి తప్పించుకోబోయి కాలిన చెయ్యితో తేలతాం.

ఈ పొగ గురించి మాట్లాడేవాళ్ళు రెండు రకాలుగా కనిపిస్తారు. ఒకళ్ళు అది విషవాయువని, ఇంట్లో సబ్బు చెయ్యడమే ప్రాణాంతకమని భయపెడతారు. ఇంకొకళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్నాం, మాకేం కాలేదు, కాస్త దగ్గొస్తే వస్తుంది పోతుంది అంటారు. మొదటివాళ్ళ మాట విని మానేసినవాళ్ళున్నారు, రెండోవాళ్ళ మాట విని కిటికీలు మూసిన గదిలో కలిపినవాళ్ళూ ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే, ఆ పైకి లేచేది ఏమిటో తెలిస్తే దాన్ని ముక్కు దగ్గర కాదు, పుట్టే చోటే, అంటే గిన్నెలోనే చాలావరకు ఆపెయ్యొచ్చు. దానికి కావాల్సింది ఖరీదైన మాస్కు కాదు. చల్లటి నీళ్ళు.

అసలు పైకి లేచేది ఏంటి? లై అన్నా కాస్టిక్ సోడా అన్నా సోడియం హైడ్రాక్సైడే. అది 318 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 1,388 దగ్గర మరుగుతుంది. మన గిన్నె ఎంత కాగినా 100 అటూ ఇటూ. అంటే ఆ వేడికి కాస్టిక్ సోడా ఆవిరిగా మారి పైకి రావడం అనేది జరగదు. పైకి వచ్చే ఆవిరి నీళ్ళది. కానీ ఉత్త నీటి ఆవిరైతే గొంతు మండదు కదా. గింజ నీళ్ళలో పడగానే దాని చుట్టూ ఉన్న నీళ్ళు ఒక్కసారిగా మరిగేంత వేడెక్కుతాయి, గింజతో పాటు లోపలికెళ్ళిన గాలి, ఆ మరుగుకి పుట్టిన బుడగలు పైకొచ్చి పగులుతాయి, పగిలిన ప్రతి బుడగా కంటికి కనపడనంత చిన్న తుంపర్లని పైకి విసురుతుంది. ఆ తుంపర్లు నీళ్ళు కాదు, లై ద్రావణం. వేడి ఆవిరి వాటిని ఎత్తుకుని సరిగ్గా వంగి చూస్తున్న మన ముఖం దాకా మోసుకొస్తుంది. మనం పొగ అంటున్నది ఇదే, ఇంకా దీనికి తోడు డబ్బాలోంచి పోసేటప్పుడు లేచే సన్నటి పొడి. లిక్విడ్ సోప్‌కి వాడే పొటాషియం హైడ్రాక్సైడ్‌దీ ఇదే సంగతి, అదైతే నీళ్ళలో పడగానే చిటపటమని చప్పుడు కూడా చేస్తుంది.

ఇది చదివి తెలుసుకున్న మాటే గానీ నాకు కంటితో చూడాలనిపించింది. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుందని బళ్ళో చదువుకున్నాం కదా, వడపోత కాగితాన్ని పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టి, మళ్ళీ కొంచెం తడి చేసి, ఒక పొడుగాటి కర్రకి క్లిప్పుతో తగిలించి, లై కలుపుతున్న గిన్నెకి ఒక జానెడు ఎత్తులో పట్టుకున్నాను, నేను మాత్రం పక్కకి దూరంగా నిలబడి. గ్యాస్ ఐతే కాగితం మొత్తం ఒకేలా రంగు మారాలి. అలా మారలేదు. ముందు ఒక మూల ఎర్రటి చుక్క, సూదితో గుచ్చినంత, తర్వాత దాని పక్కన రెండు, తర్వాత మధ్యలో ఒక గుంపు, అరనిమిషంలో కాగితమంతా మచ్చలు మచ్చలుగా అయిపోయింది, మచ్చకీ మచ్చకీ మధ్య మాత్రం పసుపు పసుపుగానే ఉంది. తడి కాగితం మీద ఒక్కో మచ్చా అంచులు పాకుతూ పెసరగింజంత అయ్యింది. ఆ చుక్కల్లో కొన్ని ఆ రోజు నా గొంతులో పడ్డాయి. అవే కంట్లో పడుంటే ఏమయ్యేదో అని ఆ కాగితం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు వేడి సంగతి. 40 గ్రాముల కాస్టిక్ సోడా బోలెడన్ని నీళ్ళలో కరిగితే దాదాపు 44 కిలోజౌళ్ళ వేడి బయటికొస్తుంది. మనం మామూలుగా వాడే లెక్కలో, అంటే ఒక వంతు లైకి రెండు వంతుల నీళ్ళు, 100 గ్రాముల లైకి ఇంచుమించు 100 కిలోజౌళ్ళు అనుకోండి. గది వేడిమిలో ఉన్న 200 గ్రాముల నీళ్ళని అది నిమిషాల్లో 80, 90 డిగ్రీలకి తీసుకెళ్ళిపోతుంది, గింజలన్నీ ఒక్కసారే కుమ్మరిస్తే మరిగి పొంగి పైకే వచ్చేస్తుంది. ఇక్కడ ఐస్ చేసే పని చూడండి. ఒక గ్రాము ఐస్ కరగడానికి 334 జౌళ్ళు మింగుతుంది, అంత వేడితో ఒక గ్రాము నీటిని 80 డిగ్రీలు పెంచొచ్చు. అంటే 200 గ్రాములూ ఐసే ఐతే కరగడానికే 66 కిలోజౌళ్ళకి పైగా పోతుంది, వచ్చే వేడిలో మూడింట రెండు వంతులు అక్కడే ఖర్చు. సగం ఐస్, సగం చల్లటి నీళ్ళు వాడినా మూడో వంతు తగ్గుతుంది, పైగా మొదలయ్యేదే సున్నా దగ్గర.

అదే పసుపు కాగితం పరీక్ష సగం ఐసుతో మళ్ళీ చేశాను, లై కొంచెం కొంచెంగా వేస్తూ. ఆవిరి కంటికి కనపడలేదు. కాగితం మీద మూడు చుక్కలు పడ్డాయి, అవి కూడా చివర్లో, ఐస్ అంతా కరిగిపోయాక నేను కాస్త ఎక్కువ వేసినప్పుడు. ఆ మూడు చుక్కల వల్లే నేను ఐసుంటే ఇంక ఏం అక్కర్లేదు అని చెప్పట్లేదు, గాగుల్స్ తియ్యమనీ చెప్పట్లేదు. కానీ కాగితమంతా మచ్చలు పడటానికీ మూడు చుక్కలకీ ఉన్న తేడా ఏ మాస్కూ ఇవ్వలేదు, ఎందుకంటే మాస్కు నా ఒక్క ముక్కునే కాపాడుతుంది, గదిలో ఉన్న పిల్లల్నీ, పక్క గదిలో పడుకున్న పెద్దవాళ్ళనీ, బల్ల కింద పిల్లినీ కాపాడదు.

ఐస్ అనగానే రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, ఐస్ వేస్తే నీళ్ళు ఎక్కువైపోవా అని. ఎక్కువవ్వవు, 200 గ్రాముల నీళ్ళు కావాలంటే ఐసూ నీళ్ళూ కలిపి 200 తూచండి, అంతే, ఐస్ ట్రేలో ముందురోజే పోసి పెట్టుకుంటే సరిపోతుంది. రెండోది, వేడి లైతోనే గట్టి నూనెల్ని, బటర్లని కరిగించుకుంటాం కదా, చల్లారిన లైతో ఎలా అని. ఆ పద్ధతి ఉంది, పనిచేస్తుంది, కానీ నూనెలు కరిగించడానికి స్టవ్ ఉండగా కాస్టిక్ సోడాని పొయ్యిలా వాడాల్సిన అవసరం నాకైతే కనపడలేదు. నూనెలు విడిగా వెచ్చబెట్టుకోండి, లై గోరువెచ్చగా ఉన్నప్పుడు కలపండి. నూనెలు మరీ చల్లగా ఉంటే గట్టి కొవ్వులు పేరుకుపోయి ట్రేస్, అంటే నూనె, లై కలిసి చిక్కబడే దశ, వచ్చినట్టు భ్రమ కలుగుతుంది, అది మాత్రం చూసుకోవాలి. ఇంకో చిన్న విషయం, ఐసుతో చేస్తే లై అడుగున గడ్డకట్టే అవకాశం ఎక్కువ, కాబట్టి వేసిన ప్రతిసారీ అడుగు తగిలేలా నిదానంగా తిప్పుతూ ఉండాలి. తిప్పకుండా వదిలేస్తే అడుగున పలకలా అతుక్కుని, తర్వాత కదిపినప్పుడు ఒక్కసారే కరిగి అక్కడ భగ్గున వేడెక్కుతుంది, అప్పుడు మళ్ళీ మొదటికే వస్తాం.

నీళ్ళలోకి లై వెయ్యాలి, లై మీద నీళ్ళు పొయ్యకూడదు. ఇది అందరూ చెప్తారు కాబట్టి ఎక్కువ చెప్పను, కారణం మాత్రం పైన చెప్పిందే, లై కుప్ప మీద కొంచెం నీళ్ళు పడితే ఆ కొంచెం నీళ్ళకే వేడంతా తగిలి మరిగి ముఖం మీదకి చిమ్ముతుంది. గిన్నె కూడా లోతుగా ఉండాలి. ద్రావణం గిన్నెలో మూడో వంతు దాటకుండా చూసుకుంటే తుంపర్లు చాలావరకు లోపలి గోడలకే కొట్టుకుని ఆగిపోతాయి. వెడల్పాటి పళ్ళెంలాంటి గిన్నె ఐతే ప్రతి బుడగా బయటికే.

గాలి సంగతికి వస్తే, కిటికీ తెరవండి అని ఒక్క మాటలో చెప్పేస్తారు గానీ గాలి ఎటు నుంచి ఎటు పోతోందో చూడకుండా కిటికీ తెరిస్తే ఒక్కోసారి పొగంతా మన మీదకే తోసుకొస్తుంది. నేను చేసేది చాలా సింపుల్. లై డబ్బా మూత ఇంకా తియ్యకముందే, గిన్నె పెట్టబోయే చోట ఒక అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి ఆ పొగ ఎటు పోతోందో చూస్తా. నా వైపు వస్తే గిన్నె చోటు మారుస్తా, లేదా నేను మారతా. ఇలా చూస్తుంటేనే నాకు ఒక వింత తెలిసింది, గాలి వీపు వెనక నుంచి వస్తే మంచిదని అనుకుంటాం కదా, పొగ ముందుకి పోతుందని. పోదు. గాలి మన ఒంటిని చుట్టుకుని వెళ్ళి ఛాతీ ముందు సుడి తిరుగుతుంది, అగ్గిపుల్ల పొగ ఆ సుడిలో పడి మెల్లగా గడ్డం మీదుగా ముక్కులోకే ఎక్కుతుంది. గాలి పక్క నుంచి, అంటే ఎడమ చెయ్యి వైపు నుంచి కుడి చెయ్యి వైపుకి పోయేలా నిలబడితే పొగ నీట్‌గా పక్కకి వెళ్ళిపోతుంది. ఆరుబయట చేసేటప్పుడు కూడా ఇంతే. సీలింగ్ ఫ్యాన్ మాత్రం ఆపెయ్యాలి, అది పొగని బయటికి పంపదు, గదంతా కలియబెడుతుంది, పైగా తేలిక గింజల్ని ఎగరేస్తుంది. స్టవ్ మీద చిమ్నీ ఉంటే అది గాలిని బయటికి పంపే రకమా, ఫిల్టర్ చేసి మళ్ళీ గదిలోకే వదిలే రకమా అని చూసుకోండి, రెండోదైతే ఈ పనికి పనికిరాదు. బయటికి పంపే రకం వాడినా తలని గిన్నెకీ చిమ్నీకీ మధ్యలో పెట్టకూడదు, పొగ వెళ్ళే దారే అది. చాలా చిమ్నీల జాలీలు అల్యూమినియంవి, లై తుంపర్లు వాటినీ తినేస్తాయి.

మాస్కు గురించి నాతో గొడవపడేవాళ్ళు ఎక్కువ, అందుకే కొంచెం వివరంగా చెప్తా. మాస్కు వద్దని నేను అనట్లేదు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, గొంతు సెన్సిటివ్‌గా ఉన్నవాళ్ళు తప్పకుండా పెట్టుకోవాలి, అసలు వాళ్ళు ఈ కలిపే పని ఇంకొకళ్ళకి ఇస్తే ఇంకా మంచిది. కానీ ఏ మాస్కు? ఇక్కడ ఆపాల్సింది గ్యాస్ కాదు, పొడి, తుంపర్లు. కాబట్టి కణాల్ని పట్టే ఎన్95 లాంటిది పనికొస్తుంది, ముఖానికి గట్టిగా అతుక్కుంటేనే, గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరిపోతుంది. పెయింట్ వాసనలకి వాడే బొగ్గు కాట్రిడ్జ్ ఒక్కటే ఉన్న మాస్కు భయంకరంగా కనపడుతుంది గానీ తుంపర్లని పట్టడానికి చేసింది కాదది. మడత పెట్టిన గుడ్డ కట్టుకోవడం ఇంకా చెడ్డది, గుడ్డ తడిసి, ఆ తడిలో లై చేరి, మూతికి పట్టీ వేసినట్టు ఉండిపోతుంది. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంకోటి, మాస్కు పైఅంచు నుంచి మన ఊపిరి పైకొచ్చి గాగుల్స్‌కి మంచు పడుతుంది, కనపడట్లేదని సరిగ్గా లై కరుగుతున్నప్పుడు గాగుల్స్ పైకి ఎత్తేస్తారు. ముక్కు కోసం కళ్ళని వదిలేసినట్టు. రెండిట్లో ఒకటే ఉందంటే నేను గాగుల్స్‌నే ఎంచుకుంటాను, అదీ మామూలు కళ్ళద్దాలు కాదు, చుట్టూ చర్మానికి ఆనుకునేవి.

ఎంత పీలిస్తే ప్రమాదం అని అడిగేవాళ్ళకి ఒక అంకె. అమెరికాలో పని చోట్ల ఆరోగ్య భద్రత చూసే నయాష్ (NIOSH) సంస్థ, గాలిలో కాస్టిక్ సోడా ఘనపు మీటరుకి 2 మిల్లీగ్రాములు ఏ క్షణంలోనూ దాటకూడదని చెప్పింది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో 28 ఘనపు మీటర్ల గాలి పడుతుంది, అంటే గదంతా కలిపి 56 మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు. మనం వాడేది వందల గ్రాముల్లో. నిజమే, అందులో గాలిలోకి లేచేది అతి కొంచెం, అది కూడా త్వరగా కిందకి దిగిపోతుంది, కానీ ఆ కొంచెమూ గదంతా సమానంగా పరుచుకోదు కదా, గిన్నెకి పైన ఒక మూరెడు స్తంభంలోనే ఉంటుంది, మన ముక్కు కూడా అక్కడే ఉంటే ఇంక గది సైజుతో పనేముంది.

పొడి గురించి కూడా ఒక మాట. డబ్బా తెరవగానే పైకి లేచే సన్నటి దుమ్ము చాలామంది పట్టించుకోరు. పొడిగాలి ఉన్న రోజుల్లో గింజలు గ్లవ్స్‌కీ ప్లాస్టిక్ చెంచాకీ అంటుకుని, విదిలిస్తే ఎగిరి పడతాయి. స్టాటిక్, అంటే స్థిర విద్యుత్తు, అది. ఎగిరిన గింజ బల్ల మీద పడి, గాలిలోని తేమని పీల్చుకుని, కాసేపటికి నీటిబొట్టులా అయిపోతుంది, ఎవరో నీళ్ళు ఒలికాయనుకుని చేత్తో తుడుస్తారు. అందుకే తూచేటప్పుడు స్కేలు కింద ఒక ప్లాస్టిక్ ట్రే, తూచడం అవ్వగానే డబ్బా మూత, ఆ తర్వాతే మిగతా పని. రేణువులు పెద్దగా ఉన్న రకం దొరికితే పొడి రకం కంటే అదే నయం.

నిజంగా గ్యాస్ వచ్చే సందర్భాలూ ఉన్నాయి. అల్యూమినియం గిన్నె, అల్యూమినియం గరిటె, ఫాయిల్, వీటిల్లో ఏది తగిలినా లై దాన్ని తింటూ హైడ్రోజన్ వదులుతుంది, బుసబుసా నురుగొస్తుంది, పక్కన మంట ఉంటే అంటుకుంటుంది. డ్రెయిన్ క్లీనర్లలో కొన్నిట్లో అల్యూమినియం ముక్కలు కావాలనే కలుపుతారు, కాబట్టి వాటితో సబ్బు చెయ్యకూడదు. స్టీలు, లేదా అడుగున 5 అని ఉండే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ వాడండి. గాజు వద్దు, లై దాన్ని లోపల్నుంచి మెల్లగా తింటుంది, ఒకరోజు ఆ వేడికి పగులుతుంది. ఇంకోటి పాలతో చేసే సబ్బులు, పాలలో ప్రోటీన్ విరిగి అమ్మోనియా వాసన ఘాటుగా వస్తుంది, దానికి కూడా మందు ఐసే, పాలని గడ్డకట్టించి లై చెంచా చెంచాగా వెయ్యడం. దగ్గర్లో వేరే క్లీనింగ్ మందులేవీ పెట్టుకోకండి.

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకసారి గొంతులోకి వెళ్తుంది అనుకోండి, గరిటె వదిలేసి బయటి గాలిలోకి వెళ్ళడమే, అక్కడే ఉండి పని పూర్తి చేద్దామనుకోవద్దు, గిన్నె ఎక్కడికీ పోదు. దగ్గు తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా, గొంతు బొంగురుపోయినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ఊపిరితిత్తుల్లో వాపు కొన్ని గంటలు ఆగి కూడా కనపడొచ్చు. చర్మం మీద పొడి గింజలు పడితే ముందు దులిపేసి తర్వాత నీళ్ళు, ద్రావణం పడితే వెంటనే నీళ్ళు, ధారగా, కనీసం 15 నిమిషాలు. వెనిగర్ రాయమని చాలామంది చెప్తారు, నేను ఒప్పుకోను, ఆ సీసా కోసం వెతికే అరనిమిషం లై కిందకి దిగిపోవడానికి చాలు. ఆసిడ్‌లాగా కాదు ఇది, చర్మంలోని కొవ్వుని సబ్బు చేసుకుంటూ లోపలికి వెళ్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా తెలియదు, వేళ్ళు జారుతున్నట్టు మాత్రం ఉంటుంది. ఆ జారుడు తెలిసిందంటే కొళాయి కిందకి చెయ్యి వెళ్ళిపోవాలి.

కంట్లో పడితే అదే పని, రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని కనీసం 15 నిమిషాలు, అరగంటైతే ఇంకా మంచిది, కాంటాక్ట్ లెన్సులుంటే కడుగుతూనే తీసేసి, ఆ తర్వాత నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి. ఇదంతా కళ్ళు మూసుకుపోయి ఉన్నప్పుడు చెయ్యాలి, అందుకే నేను లై కలిపే చోటు నుంచి కొళాయి ఎన్ని అడుగులో, దారిలో కుర్చీ ఏదైనా అడ్డం ఉందో, కొళాయి ఎటు తిప్పితే వస్తుందో ఒకసారి కళ్ళు మూసుకుని నడిచి చూసుకున్నాను. ఏడు అడుగులు. దారిలో ఒక బకెట్ ఉండేది, అది తీసేశాను.